రెక్క కింద దూది

మా అత్తకు అసలు పేరొకటి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. ఇంటా బయటా ఆమె దూదత్తే. పాత వస్తువులు సేకరించేవాళ్ళు జేబు గడియారాలూ, పింగాణీ కప్పులూ, గాజు బుడ్లూ తెచ్చి ఆమె ముందు పెడతారు. వాటి కోసం పెట్టెల్లోనూ సొరుగుల్లోనూ దూదితో, ఉన్నిగుడ్డతో మెత్తని గూళ్ళు అమర్చడం ఆమె పని. మధ్యాహ్నాలు నేను సాయానికి వెళ్తాను. సాయమంటే తిట్లు తినడమే. పెళ్ళై పిల్లలున్నదాన్నని కూడా చూడదు.

"పేపర్లో చుట్టావేంటే? సిరా అంటుకుంటే నీ మొహం పెట్టి తుడుస్తావా? కప్పుకీ కప్పుకీ తగలకూడదని ఎన్నిసార్లు చెప్పాలి!"

ఇంత చాదస్తపు మనిషీ తన సొరుగు దగ్గరికొచ్చేసరికి నియమాలన్నీ తుంగలో తొక్కేసింది. నాకు ఒళ్ళు మండేది అందుకే. కీ బొమ్మ తెచ్చిన ప్రతివాళ్ళకీ, "కీ అంతా అయిపోయేదాకా ఆడనిచ్చి అప్పుడు దాచండి, బిగిసే ఉంటే స్ప్రింగు చచ్చిపోతుంది" అని చెబుతుంది. ఆమె సొరుగులోని రేకుపిట్ట మాత్రం కీ బిగించినట్టే పడుకుని ఉండేది, రెక్క కింద చిటికెడు దూదితో.

ఆ పిట్టను బాగుచేసింది గడియారాలు రిపేరు చేసే మా మామయ్య. ఒక పొద్దున కీ తిప్పి, రెక్క కదలకుండా కింద దూది కుక్కి, "సాయంత్రం వచ్చి వినిపిస్తా, ఈలోగా ముట్టుకోకు" అని కొట్టుకు వెళ్ళాడు. అక్కడే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన చేత్తో తిప్పిన కీ అయిపోతే మళ్ళీ రాదని అత్త ఆ దూది తీయలేదు. ఆ కూత వినాలని మాత్రం ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉండేది.

మొన్న ఒకాయన డోలు కొట్టే కోతిబొమ్మను తెచ్చాడు. ఏళ్ళ తరబడి కీ బిగించే పెట్టేశారట. దాని చేతికి కట్టిన దారం అత్త విప్పింది. చెయ్యి లేవలేదు. "స్ప్రింగు పోయిందండీ" అని ఇచ్చేసి, ఆయన గడప దాటగానే లేచి తన సొరుగు లాగింది.

"ఏంటత్తా?"

"నోర్మూసుకుని ముందా ఫ్యాను ఆపవే."

దూది తీసింది. పిట్ట కదల్లేదు. అత్త మొహం చూడలేకపోయాను. అంతలో తోక టక్కున ఆడింది. పిట్ట కూసింది. రెండు కూతలతో ఆగిపోతుందనుకున్నాం. ఆగితేగా! తల తిప్పుతూ, రెక్కలాడిస్తూ కూస్తూనే ఉంది.

"ఓరి నాయనో, ఇంత కీ ఇచ్చి పోయాడా!" అత్త నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "నాకు వినిపించాలని నిండా తిప్పాడే. ఏదో రెండు చుట్లేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

కూత నెమ్మదించింది. ఇక అయిపోతుందనగా అత్త రెక్క కింద వేలు పెట్టేసింది.

"స్ప్రింగు పాడవుతుందత్తా. అందరికీ చెప్పేదానివి నువ్వే కదా!"

"తెలుసే" అంది. వేలు మాత్రం తీయలేదు. "ఒక్క కూతైనా మిగలనీవే."

దూది ఉండలోంచి చిటికెడు తుంచి ఆమె చేతికిచ్చాను.