వేలిముద్ర పడిన రసీదు కార్డు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం సెలవులు మొత్తం మా వాడ మూల మీదే గడిచాయి. జుట్టు నెరిసిన పోస్టుమ్యాన్ సైకిలు అక్కడే మలుపు తిరిగేది. మేమంతా ఆయన్ని పోస్టు తాత అనేవాళ్లం.

అప్పుడు మా సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి, మా నాన్న మహారాష్ట్రలోని భివండికి మగ్గం పనికి పోయాడు. మొదట్లో నెలకు రెండు ఉత్తరాలు రాసేవాడు. తర్వాత రెండు నెలలు ఒక్కటీ లేదు. మగమనిషి కబురు ఆగితే ఇంట్లో ఎవరికీ అన్నం సయించని రోజులవి.

రోజూ తాతకు ఎదురెళ్లి అడిగేదాన్ని. "మీ నాయిన ఉత్తరం నేనేమన్న నమిలి తిన్ననా పిల్లా? వస్తే ఇయ్యనా?" అని కసిరేవాడు.

ఒకరోజు ఆయనే సైకిలు దిగి మా అరుగు మీద కూర్చున్నాడు. "సాదా ఉత్తరం డబ్బాల పడ్డదో, చెత్తల పడ్డదో ఎవలకెరుక బిడ్డా? రిజిస్ట్రీ చెయ్యి" అన్నాడు అమ్మతో. రిజిస్ట్రీ అయితే మనిషి చేతికే ఇస్తారట. దానికి రసీదు కార్డు జత చేస్తే, తీసుకున్నవాళ్లు సంతకం పెట్టాలట. ఆ కార్డు తిరిగి మన ఇంటికే వస్తుందట.

అమ్మ ఆ మర్నాడే కార్డు జత చేసి రిజిస్ట్రీ పంపింది. పన్నెండో రోజు కార్డు తిరిగొచ్చింది. "అందిందట! ఇగ ఏడుపు బంద్ చెయ్యి చిన్నమ్మా" అని పక్కింటి అక్క చప్పట్లు కొట్టింది. తాత మాత్రం కార్డు వదల్లేదు. సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర ఉంది.

"నీ పెనిమిటికి రాసుడు వచ్చు గదా?" అని అడిగాడు.

వచ్చు అంది అమ్మ.

"అందింది అంటే ఉత్తరం అందింది, గంతే. మనిషి మంచిగున్నడని కాదు. ఉన్నడు, గది నిజం. చెయ్యికే ఏమో అయ్యింది. పోయి తోల్కరా."

అమ్మ ఆ పూటే మేనమామను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆ నాలుగు రోజులు నేను ఒక్కచోట కూర్చోలేదు. నాన్న కుడిచేతికి కట్టుతో దిగాడు. సాంచాలో రెండు వేళ్లు నలిగాయట. వేరేవాళ్లతో రాయిస్తే అమ్మ బెదురుతుందని ఊరుకున్నాడట. గాయం చీము పట్టిందని, ఇంకో వారం ఆగితే చెయ్యే తీసేయాల్సి వచ్చేదని డాక్టరు అన్నాడు.

ఇప్పుడు మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. పచ్చళ్ల పార్సిల్ పంపితే ఫోన్‌లో 'డెలివర్డ్' అని పడుతుంది. పడినా సరే, వీడియో కాల్ చేసి, "ఏదీ, రెండు చేతులు చూపియ్యి" అంటాను. నీకేం పిచ్చి అని నవ్వుతాడు. చూపించేదాకా ఫోన్ పెట్టను.