పూడ్చిన గుంతల సాక్ష్యం

2011 నవంబరు 23, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, పొగమంచు ఇంకా కొండ నడుమును వదలని వేళ, గునపమత్త సర్వేయరును మొదటిసారి చూసింది. అప్పుడాయన దారి పక్క బండ మీద కూర్చొని, బూటు విప్పి, అందులో దూరిన గులకరాయిని ప్రభుత్వోద్యోగికి తగిన గాంభీర్యంతో దులుపుతున్నాడు.

గునపమత్తకు అప్పటికి అరవై రెండేళ్లు. ఆమె అసలు పేరు ఓటర్ల జాబితాకు తప్ప మరెవరికీ తెలియదు. చేతిలో గునపం లేకుండా ఆమెను చూసినవారు లేరు కనుక ఊరంతటికీ ఆమె గునపమత్తే. బతికున్నన్నాళ్లూ ఆమె భర్త కూడా, వరసను పక్కన పెట్టి, అలానే పిలిచేవాడు. పిలవకపోతే పలికేది కాదు మరి.

ఆ కొండ మీది ఆదివాసులకు ఏడాదిలో సగం రోజులు అడవి గడ్డలే తిండి. వాటిని తవ్వడంలో వారికొక పద్ధతి ఉంది. తీగ వెంట మట్టి తీసుకుంటూ పోయి, గడ్డను కోసుకొని, తలభాగాన్ని మాత్రం తీగతో సహా మళ్లీ అదే గుంతలో నిలబెడతారు. మట్టి పూడ్చి, అరచేత్తో అదిమి, పైన ఎండుటాకులు కప్పి వెళ్లిపోతారు. రెండు మూడేళ్లకు అక్కడే మరో గడ్డ ఊరుతుంది. తవ్విన చోటు పరాయి కంటికి తెలిసిందంటే తవ్వినవారికి తలవంపు. ఈ విషయంలో గునపమత్త మరీ ఛాందసురాలు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఒక గుంతను సగమే పూడ్చి వచ్చిందని, కొత్త పెళ్లికూతురన్న జాలి కూడా లేకుండా, రెండు మైళ్లు వెనక్కి నడిపించి మళ్లీ పూడ్పించింది.

ఇంతలో ఆ కొండ కడుపులో ఖనిజం ఉన్నదని ఒక కంపెనీవారు కనుగొన్నారు. జనం వాడుకుంటున్న కొండను ఆ జనం ఒప్పుకోనిదే ఇవ్వరాదని చట్టం. ఎవరూ వాడుకోవడం లేదని తేలితే మాత్రం ఖాళీ భూమి కింద ఇచ్చివేయవచ్చు. అది తేల్చడానికే సర్వేయరు వచ్చాడు. ఎనిమిది రోజుల ముందే నోటీసు కూడా వచ్చింది. అది రెండు పేజీలు ఉన్నది గాని, దానిని తెచ్చిన బంట్రోతు ఒక్క వాక్యంలో చెప్పి చక్కాపోయాడు: మీ కొండను చూడటానికి పెద్దవాళ్లు వస్తున్నారు.

చూడటానికి ఎవరైనా వస్తున్నారంటే ఏ ఇల్లాలైనా చేసే పనే ఊరివారూ చేశారు. కొండను శుభ్రం చేశారు. ముప్పై ఒక్క కుటుంబాల ఆడవాళ్లూ మగవాళ్లూ వాలుల వెంట బారులు తీరి, కుంగిన చోట మట్టి పోసి, విరిగిన తీగలను సవరించి, తాము నడిచే కాలిదారుల మీద కూడా ఆకులు చల్లారు. ముందు నడిచి తప్పులు పట్టినది గునపమత్త. ఎనిమిదో రోజు సాయంత్రానికి ఆ కొండ మీద మనిషి అనే ప్రాణి ఏనాడూ కాలు మోపలేదని దేవుడు కూడా భ్రమపడేటట్లు అది తయారైంది.

"అమ్మా, మీరు గడ్డలు తవ్వే చోటు ఒకటి చూపించండి," అన్నాడు సర్వేయరు, బూటు తొడుక్కొని.

"నువ్వు కూర్చున్న రాయి పక్కనే."

సర్వేయరు చూశాడు. ఆకులు తప్ప ఏమీ లేవు. "ఇక్కడేమీ కనబడటం లేదే?"

"ఎందుకు కనబడుతుంది నాయనా?" అంది గునపమత్త.

ఆయన మోకాళ్ల నొప్పుల మనిషి. అయినా సాయంత్రం దాకా తిరిగాడు. చూపిన ప్రతిచోటా ఆకులే. కొండ దిగే ముందు పుస్తకం తెరిచి, "ఎక్కడా ఒక్క గుర్తు కూడా లేదమ్మా," అన్నాడు.

"ఉండనిస్తామా?" గునపమత్త మొహం వెలిగిపోయింది.

"మరి అదే రాస్తాను."

"బాగా రాయి. మా కోడలు తవ్విన చోట కూడా లేదని రాయి. దాని మొహానికి అదో మెప్పు."

ఆయన ఒక క్షణం ఆమెను ఎగాదిగా చూశాడు. ఏదో అడగబోయి, మోకాలు సలపడంతో, అడగకుండానే దిగిపోయాడు.

డిసెంబరు పన్నెండున నివేదిక నకలు బడి గోడకు అంటించారు. ఎనిమిదో తరగతి దాకా చదివిన కోడలు దానిని చదివి, మళ్లీ చదివి, అత్త దగ్గరికి వచ్చింది.

"అత్తా, మనం ఇక్కడ లేమంట."

"ఎక్కడ?"

"కొండ మీద. మనుషులు వాడుకుంటున్న ఆనవాళ్లు ఎక్కడా లేవని రాశాడు. నెల రోజుల్లో మనం కాదనకపోతే కొండ కంపెనీకి పోతుంది."

గునపమత్తకు తాను ఆ సర్వేయరుకు చెప్పిన ప్రతి మాటా వరసగా గుర్తుకొచ్చింది. 

"పోనీ ఒక పని చేద్దాం అత్తా. కొండంతా గుంతలు తవ్వి వదిలేద్దాం. వచ్చి చూసుకుంటారు."

"దొంగ గుంతలా?"

"దొంగవి ఎందుకవుతాయి? మనమే కదా తవ్వేది."

గునపమత్త ఒప్పుకుంది. మరునాడు ఉదయాన్నే వెళ్లి ఒక గుంత తవ్వి, పళ్లబిగువున దానిని నోరు తెరిచినట్లే వదిలేసి వచ్చింది. అన్నం సహించలేదు. ఇంటి పని ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి ఎవరికీ చెప్పకుండా వెళ్లి పూడ్చివచ్చింది.

"పూడ్చేశావు కదూ?" అంది కోడలు.

"వాన వస్తే తల కుళ్లిపోతుందే. దాని తల మీద మా అత్తగారి నాటి కోత ఉంది," అని విసుక్కున్న గునపమత్త, ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు విస్తుపోయి, కోడలి మొహం చూసింది. కోడలు అప్పటికే అత్త మొహం చూస్తోంది.

ఆ వారమే కోడలు అర్జీ రాసి పంపింది. జనవరి నాలుగున జిల్లా కార్యాలయంలో దాని మీద విచారణ. ఆ గదిలో పొడవాటి బల్ల, మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోదానికి ఇటుక పెట్టించుకున్న బెంచీ, బీరువా మీద దుమ్ము పట్టిన ఫైళ్ల గుట్టలు. మనుషులు వాడుకున్న ఆనవాళ్లు ఆ గది నిండా ఉన్నాయి. పని జరిగిన ఆనవాళ్లే కనిపించలేదు. బల్లకు అవతల విచారణాధికారి, ఇవతల సర్వేయరు, అతని పక్కన నలగని చొక్కాలో కంపెనీ మేనేజరు.

"మీరు అక్కడ తవ్వుతున్నారనడానికి రుజువు ఏదమ్మా?" అన్నాడు మేనేజరు, పసిపిల్లకు నచ్చజెప్పే గొంతుతో.

"నేల కింద ఉంది బాబూ. నువ్వు కూడా అక్కడున్న దానికోసమేగా తిరుగుతున్నావు. అది కంటికి కనబడిందా? తవ్వి చూసి నమ్మావా లేదా?"

విచారణాధికారి దగ్గు వచ్చినట్లు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

గునపమత్త వివరించింది. కోసిన ప్రతిసారీ, గునపం పట్టిన అరచేతికి కాచినట్లే, గడ్డ తల మీద గట్టి కాయ కాస్తుంది. ఆ మచ్చ చెరగదు. తన కోత ఎడమకు వాలుతుంది. చనిపోయిన అత్తగారిది నిటారు కోత, ఎందుకంటే ఆవిడకు ఓపిక తక్కువ. కోడలిది ఇంకా వంకరటింకరే. "చోటు మీరే చూపించండి. నేను చూపిస్తే నేనే పాతిపెట్టానంటాడు ఈ బాబు," అని ముగించింది.

జనవరి 12, గురువారం, రెండో పరిశీలన. పది ఎకరాలకు ఒకటి చొప్పున తూర్పువాలులో పదిహేడు చోట్లు గుర్తుపెట్టారు. అందులో అయిదు మేనేజరు ఎంచినవి. మేక కూడా ఆలోచించి ఎక్కే బండల సందును వేలితో చూపి, "అక్కడ," అన్నాడతడు.

"నువ్వు ముందు ఎక్కు నాయనా, నీ వెనకే వస్తాం," అంది గునపమత్త. అతడు కిందే ఉండిపోయాడు.

కోడలు ఎక్కింది, మోకాళ్లను తిట్టుకుంటూ సర్వేయరూ ఎక్కాడు. తవ్వారు. మోచేతి లోతున గడ్డ తగిలింది. సర్వేయరు తన రుమాలుతోనే మట్టి తుడిచాడు. తల మీద ఒకదాని పైన ఒకటిగా నాలుగు కాయలు. కింది రెండూ నిటారు, పై రెండూ ఎడమకు వాలు.

"ఏ పందో కొరికి ఉంటుంది," అన్నాడు మేనేజరు కింద నుంచి.

"కత్తి పట్టుకునే పందిని నేనింతవరకు చూడలేదు సార్," అన్నాడు సర్వేయరు. ఆ రోజంతటిలో ఆయన తనంతట తాను పలికిన మాట అదొక్కటే.

పదిహేడింటిలో పద్నాలుగు చోట్ల కోతలు దొరికాయి. రెండు చోట్ల గడ్డలే లేవు. ఒకచోట గడ్డ ఉంది, కోత లేదు. ఆ మూడింటినీ కూడా ఉన్నవి ఉన్నట్లు రాయమన్నది గునపమత్తే. సర్వేయరు ఇంకో పని చేయవలసి వచ్చింది: మొదటి నివేదిక తప్పని, చూడవలసిన చోట చూడలేదని, తన సంతకంతో తానే రాయాలి. పుస్తకం మూసి, మళ్లీ తెరిచాడు.

"రాస్తే నీకేమన్నా అవుతుందా?" అని అడిగింది గునపమత్త.

"అవుతుందమ్మా."

ఆమె ఓదార్చలేదు. ఆయన రాశాడు. ఆ తర్వాత, "కొండకు పడమటి భుజం సంగతి?" అంది.

"అటువైపు పరిశీలనకు ఉత్తర్వు లేదు. మీ అర్జీలో తూర్పువాలు మాత్రమే రాసి ఉంది."

అర్జీ రాసినది కోడలు. చెప్పి రాయించినది గునపమత్త. గడ్డలు తూర్పునే ఎక్కువ కనుక అదే చెప్పింది. పడమట ఉన్నది ఒక ఊట, కొంత అడవి. వాటిని ఎవరైనా అడుగుతారని ఆమెకు తోచలేదు.

2012 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. తూర్పువాలు ఆదివాసుల వినియోగంలో ఉన్నదని, వారి సమ్మతి లేనిదే ఇవ్వరాదని తేల్చారు. పడమటి భుజం కంపెనీకి ఇచ్చారు. రెండేళ్లకు ఊట ఎర్రబడింది, నాలుగో ఏట ఎండిపోయింది. సర్వేయరుకు రావలసిన పదోన్నతి రాలేదు. 2015లో పదవీ విరమణ చేసి కూతురి ఇంట్లో ఉంటున్నాడు. మేనేజరు మరో కంపెనీకి మారాడు. పడమటి భుజం మీద కోడలు వేసిన అర్జీ ఇంకా విచారణలో ఉంది. గునపమత్త 2019 మార్చిలో, నాలుగు రోజుల జ్వరంతో, డెబ్బయ్యో ఏట చనిపోయింది. ముప్పై ఒక్క కుటుంబాల్లో ఇరవై ఆరు ఇప్పటికీ తూర్పువాలులో గడ్డలు తవ్వుకుంటున్నాయి.