మావయ్యగారు విన్న హీటరు చప్పుడు

మావారు గుండె ఆగి పోయిన నాలుగో నెలలో మావయ్యగారు విజిట్ వీసా మీద దోహా వచ్చారు. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికే వచ్చారని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నాలుగు వాటాలు చేసిన విల్లాలో వెనక వాటా మాది. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేదాన్ని, సాయంత్రం వచ్చి వండేదాన్ని. ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు. ఎలా ఉన్నావని అడిగినవాళ్ళకు బాగున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధమని కూడా అనిపించేది కాదు.

ఆయన వచ్చాక మొదటి శుక్రవారం, ఇక్కడి సెలవురోజు, నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆయన బాత్రూమ్ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, ఈ హీటరు ఎన్నాళ్ళ నుంచి ఇలా అరుస్తోంది?"

"ఎలా అండీ?"

ఆయన నావైపు వింతగా చూశారు. అప్పుడు విన్నాను. గోడకు బిగించిన తెల్లటి ట్యాంకులోంచి, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి కుదిపినట్టు చప్పుడు. మధ్యమధ్య ఎవరో పిడికిలితో గుద్దినట్టు. రోజూ దాని కిందే స్నానం చేస్తున్నాను. ఎప్పుడు మొదలైందో గమనించనే లేదు.

మావయ్యగారు గోదావరి జిల్లాలో ఉప్పుడు బియ్యం మిల్లులో ముప్పయ్యేళ్ళు బాయిలర్ దగ్గర పనిచేశారు. చెక్క గరిటె తెమ్మన్నారు. ఒక కొస ట్యాంకుకు, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"టక్కుటక్కుమంటే పైపు వేడికి సాగుతున్నట్టు, దానికి భయం లేదు. ఈల వేస్తే వాల్వు సంగతి చూడాలి. ఇలా రాళ్ళు దొర్లినట్టుంటే లోపల సున్నం పేరుకుందన్నమాట. దాని కింద చిక్కుకున్న నీళ్ళు మరిగి పైకి తన్నుకొస్తాయి."

"పేలిపోతుందా?"

ఆయన వాల్వు మీట కొంచెం ఎత్తి చూశారు. నీళ్ళు చిమ్మాయి. "ఇది బానే ఉంది, పేలదు. ఇలాగే వదిలేస్తే కాయిల్ కాలిపోద్ది. ఏడాదికోసారి కడగాలి. వాడు కడిగేవాడు కాదా?"

వచ్చిన తరవాత కొడుకు మాట ఎత్తడం అదే మొదలు.

"కడిగేవారండీ," అన్నాను.

ఇక్కడ ఎండాకాలం డాబా మీది ట్యాంకులో నీళ్ళు సలసల కాగుతాయి. అప్పుడు హీటరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళనే చల్లనీళ్ళుగా వాడుకుంటాం. చలి మొదలయ్యే ముందు మావారు ఒక పూటంతా బాత్రూమ్‌లో కూర్చుని దాన్ని శుభ్రం చేసేవారు. ఈసారి నేను స్విచ్ వేశాను, అంతే.

"నేర్చుకుంటావా?" అన్నారు మావయ్యగారు.

మెయిన్ బోర్డులో కరెంటు తీసేశాం. నీళ్ళు చల్లారేదాకా ఆగి ట్యాంకు ఖాళీ చేశాం. ముందు బియ్యం కడుగులాంటి నీళ్ళు, తరవాత తెల్లటి పెచ్చులు వచ్చాయి. ఆయన బోల్టులు విప్పి కాయిల్ బయటికి లాగారు. వేలెడు మందాన సున్నం పట్టి ఉంది. దాన్ని బకెట్లో వెనిగర్ పోసి నానబెట్టి, ఇద్దరం చెరో స్టూలు మీద కూర్చున్నాం.

ఆయన బకెట్లోకి చూస్తూ అన్నారు, "నిన్ను తీసుకురమ్మని మీ అత్తగారు పంపింది. అక్కడికొచ్చి ఏం చేస్తావో నాకూ తెలీదమ్మా."

"ఇక్కడే ఉంటానండీ."

అది ధైర్యంతో అన్న మాట కాదు. వెళ్ళాలంటే మావారి బట్టలు సర్దాలి. అల్మారా తెరిచే శక్తి నాకు లేదు.

"సరే. ఆవిడకి నేను చెప్తాలే," అన్నారు.

కాయిల్ మళ్ళీ పెట్టేటప్పుడు స్పానర్ నా చేతికిచ్చారు. "ఒక్క బోల్టునే బిగించెయ్యకు. ఎదురెదురువి కొంచెం కొంచెంగా తిప్పు." అలాగే తిప్పాను. కుళాయిలో ధార నిండుగా వచ్చాకే స్విచ్ వెయ్యనిచ్చారు. ఎక్కడా కారలేదు. ఆయన మొదట స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి, అన్నం పెట్టమన్నారు. ఆ రోజు నేనూ పక్కనే కూర్చుని తిన్నాను.

రెండు వారాలకు ఆయన ఒక్కరే వెళ్ళారు. ఎయిర్‌పోర్టులో నా తల మీద చెయ్యి వేసి, "వేళకి తిను" అన్నారు. సరేనన్నాను. అప్పుడూ ఏడుపు రాలేదు. మరుసటి ఏడాది ఒక మధ్యాహ్నం, ఆఫీసు లిఫ్టులో ఏ కారణమూ లేకుండా వచ్చింది. నాలుగో అంతస్తులో దిగాల్సినదాన్ని పైదాకా వెళ్ళి, ముఖం తుడుచుకుని కిందికి వచ్చాను.