చూపించడానికి ఉంచిన డబ్బు

మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే అక్క నా బ్యాంకు ఖాతాలో ఇరవై వేల డాలర్లు వేసింది. స్టూడెంట్ వీసా పొడిగించుకోవాలంటే అంత ఉన్నట్టు చూపించాలి. అది తను ఇంటి డిపాజిట్ కోసం కూడబెట్టుకున్న డబ్బు.

"చూపించడానికే. ముట్టుకోకు," అంది.

నాదంటూ, కరెన్సీలు కొని అమ్మే ట్రేడింగ్ యాప్‌లో ఉన్నది ఆరు వందలు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలన్నిట్లోనూ ఒకటే సూత్రం: ఒక ట్రేడ్‌లో ఖాతాలో నూటికి ఒక వంతుకు మించి పోగొట్టుకోకూడదు. నా లెక్కన ఆరు డాలర్లు. దాంతో ఏ ట్రేడూ కుదిరేది కాదు. 'తప్పు నాది కాదు, ఖాతా చిన్నది' అని డైరీలో రాసుకున్నాను. ఆ ఇరవై వేలు యాప్‌లోకి మారిస్తే ఖాతా పెద్దదవుతుంది, పణంగా పెట్టేది మాత్రం రెండు వందలే. అది ముట్టుకోవడం కాదనిపించింది, మార్చేశాను.

సోమవారం పొద్దున, యాప్ ఇచ్చే అప్పు కూడా కలిపి, విదేశీ డాలర్లు కొన్నాను. నష్టం రెండు వందలకు చేరితే దానంతట అదే అమ్మేసేలా ఆర్డర్ పెట్టి, ఫోన్ లాకర్లో ఉంచి, నేను పనిచేసే టౌరంగా ప్యాక్‌హౌస్‌లో కివీపండ్లు ఏరే లైన్ దగ్గర నిలబడ్డాను. టీ విరామంలో చూస్తే నష్టం నూట ఎనభై. పుస్తకంలో అది నూటికి ఒకటి కూడా కాదు. నాకేమో ఆ డబ్బు కోసం అక్క మానుకున్న సెలవులు గుర్తొచ్చాయి. అందులో ఒక్క డాలరు కూడా నేను పోగొట్టుకోగలిగింది కాదు. నష్టానికి అమ్ముడుపోకుండా ఆ ఆర్డర్ తీసేశాను, భోజనం వేళ దాకా చూద్దామని.

"ఏం పిల్లా, నిద్రపోతున్నావా?" పక్కనున్న ఫిజీ ఆంటీ నా ముందునుంచి ఒక కాయ తీసి పారేసింది. "మెత్తబడింది కనబడితే తీసెయ్యి. జాలిపడితే ట్రే అంతా పోతది."

"సారీ ఆంటీ," అన్నాను.

భోజనం వేళకు నష్టం ఇంకా పెరిగింది. ధర తగ్గింది కదా అని ఇంకొన్ని కొన్నాను. మంగళవారం కూడా కొన్నాను, బుధవారం కూడా. గురువారం నష్టం హద్దు దాటేసరికి యాప్ తానే అన్నీ అమ్మేసింది. నాలుగు వేల మూడు వందలు మిగిలాయి. వాటిని బ్యాంకుకు తిరిగి పంపి, టాయిలెట్‌లో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. చేతులకు కివీ నూగు అంటుకుని దురద పెడుతోంది.

శనివారం అక్క ఫోన్ చేసింది. "స్టేట్‌మెంట్ పంపవే. వీసా ఏజెంట్ నా ప్రాణం తీస్తున్నాడు. ఏంటి, మాట్లాడవా? నీ నోటి నుంచి మాట రావాలంటే నేను టికెట్ కొనుక్కోవాలా?"

"పంపుతా అక్కా," అన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదని తెలుసు. ఆమె నవ్వుతోంది. నేను ఫోన్ పెట్టేశాను.

తర్వాత ఏమీ రాయకుండా స్టేట్‌మెంట్ ఫొటో పంపాను. వెంటనే జవాబు వచ్చింది.

"ఇది నీ వేరే అకౌంట్‌దిలా ఉందే తల్లీ. అసలుది పంపు."

నాకు ఉన్నది ఒక్కటే బ్యాంకు అకౌంట్.