సామేలు తాత గజ్జెల కర్ర, నా ఎడమ మోకాలు

జహీరాబాద్‌కు నేను వెళ్లింది ఊరు చూడటానికి కాదు, మోకాలు చూపించుకోవడానికి. ఎనభైల మొదట్లో సంగతి. హైదరాబాదులో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేసేదాన్ని. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే ఉద్యోగం. ముప్ఫై నిండకుండానే రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వచ్చేది. డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టాను. ఆ నడక ఎప్పుడు పరుగైందో నాకే తెలియదు. రెండేళ్లు తిరిగేసరికి తెల్లవారుజామున అయిదు మైళ్లు పరిగెత్తి వచ్చి, స్నానం చేసి, వంట ముగించి డ్యూటీకి పోయే మనిషినయ్యాను. రోజు మొత్తంలో ఆ గంట ఒక్కటే నాది. మిగతా గంటలన్నీ ఎక్స్ఛేంజిలోనో ఇంట్లోనో ఎవరో ఒకరు నన్ను పిలుస్తూనే ఉండేవారు.

అలాంటిది ఒక వానాకాలం ఎడమ మోకాలు బయటి పక్క నొప్పి మొదలైంది. రెండో మైలు దాటగానే ఎవరో సన్నని మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. ఆగితే తగ్గేది, మళ్లీ కదిలితే వచ్చేది, పోనుపోను మొదటి ఫర్లాంగుకే వచ్చేది. ఇంట్లో ఉన్న తైలాలన్నీ రుద్దాను. కొత్త కాన్వాసు బూట్లు కొన్నాను. చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే ఎక్స్‌రే చూసి, ఎముకకేమీ కాలేదనీ, పరుగు మాత్రం శాశ్వతంగా మానేయమనీ చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, తనకు తోచింది చెప్పాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. డాక్టరే చెప్పాక ఇంకేముంది, హాయిగా ఆరింటిదాకా పడుకోమన్నారు మా ఆయన. ఆ ‘హాయిగా’ అన్న మాటకు ఒళ్లు మండి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఎక్స్ఛేంజిలో నా పక్క సీటు పుష్పది. వాళ్లది జహీరాబాద్ ప్రాంతం. వాళ్ల తాత సామేలు, టపా రన్నరుగా చేసి రిటైరయ్యాడట. పాతిక సంవత్సరాలకు పైగా జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ వైపు ఊళ్లకు ఉత్తరాల సంచి భుజాన వేసుకుని పరిగెత్తాడట. అరవై అయిదు దాటినా ఇప్పటికీ ఆదివారం చర్చికి మూడు మైళ్లు నడిచే పోతాడని, ఏనాడూ మోకాలు పట్టుకుని కూర్చున్నట్టు చూడలేదని చెప్పింది. ఒక్కసారి ఆయనకు చూపించి, ఆయనా మానేయమంటే అప్పుడు మానేద్దువు గాని అంది. నాకూ అదే న్యాయంగా తోచింది. పరుగు ఎరగనివాళ్లు చెబితే మానడం నాకిష్టం లేదు. పరిగెత్తినవాడు చెబితే మానేయాలని గట్టిగా అనుకున్నాను.

వారపు సెలవు రోజున గౌలిగూడ బస్టాండులో అయిదున్నర బస్సెక్కాను. టికెట్టుకు పది రూపాయల నోటిస్తే చిల్లర తిరిగొచ్చింది. పటాన్‌చెరు దాటేసరికి తెల్లవారింది. సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట మీదుగా బొంబాయి రోడ్డు. ఎదురుగా వచ్చే లారీకి దారివ్వడానికి మా డ్రైవరు ప్రతిసారీ బస్సును రోడ్డు దింపేవాడు. దిగిన ప్రతిసారీ బస్సు ఎడమ పక్కకు ఒరిగేది, కిటికీ పక్కనున్న నేను చువ్వలు పట్టుకునేదాన్ని. ఎనిమిదిన్నరకు జహీరాబాద్‌లో దిగాను. చలికాలం, చెరుకు నరికే రోజులు. బస్టాండు ముందు చెరుకు ట్రాలీలు, అల్లం బస్తాలు, ఆ రెండిటి మధ్య నుంచి మనుషులు. హోటల్లో అల్లం దంచి వేసిన చాయ్ తాగాను. మనం ఇంట్లో పెట్టుకునేది అల్లం చాయే కాదని అప్పుడే తెలిసింది.

న్యాల్‌కల్ బస్సు అప్పుడే వెళ్లిపోయిందట, మళ్లీ మధ్యాహ్నానికి గాని లేదట. ఆ దారిలో సామేలు తాత ఊరు ఆరు మైళ్లు. మంచి కాళ్లయితే గంటలో పరిగెత్తి పోయేదాన్నని తలచుకుంటే ఏడుపొచ్చింది. చెరుకు దించి ఖాళీగా తిరిగి వెళుతున్న ట్రాక్టరతను నన్ను చూసి, సగం కన్నడంలో ‘బర్రి, బర్రి అక్కా’ అని రమ్మని పిలిచి మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకున్నాడు. ఎవరింటికి, ఎందుకు అంటే చెప్పాను.

“సామేలు తాత డాక్టర్ కాదక్కా,” అన్నాడు నా మోకాలి వంక చూసి. “గాని మొన్న మా ఎద్దు కుంటుతుంటె సప్పుడు ఇని ఏ కాలో చెప్పిండు. అండ్లకెల్లి ముల్లెల్లింది.”

ఎద్దు తర్వాత నేనన్నమాట అనుకున్నాను. అంతకు ముందు తిన్న మందులకంటే ఈ మాటే కాస్త ధైర్యమిచ్చింది. ఎర్రమట్టి దారి. రెండు పక్కలా జొన్న, కంది, శనగ. దుమ్ముతో నా తెల్ల సల్వారు కాస్తా మోదుగుపువ్వు రంగుకు తిరిగింది.

సామేలు తాత ఇల్లు ఊరి చివర. చిన్న మనిషి, ఎండిన పిక్కలు, చెవుల మీద తెల్ల వెంట్రుకలు. పుష్ప రాసిచ్చిన చీటీని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన భార్య మార్తమ్మ మంచినీళ్లిచ్చి, ఆడమనిషి ఉరుకుడేందని ఆశ్చర్యపోతూనే జొన్నరొట్టె, శనగాకు కూర తెచ్చి ముందు పెట్టబోయింది. తాత అడ్డుపడ్డాడు. కడుపు నింపుకుని ఉరికితే పక్కలో పోటొస్తుందని, అంబలైనా రొట్టైనా ఉరికొచ్చాకే అనీ, ఉరికే ముందు రెండు గుక్కల నీళ్లు చాలనీ చెప్పాడు. ఆమె నవ్వి పళ్లెం వెనక్కి తీసుకుంది. నా ఆకలి సంగతి ఎవరూ అడగలేదు.

గుమ్మం పక్కన మేకుకు ఒక కర్ర వేలాడుతోంది, చివర ఇత్తడి గజ్జెల గుత్తి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ గజ్జెలు కట్టుకుని పట్టుకెళ్లిన బల్లెం సర్కారుదట, రిటైరైనప్పుడు తిరిగి ఇచ్చేశాడు. గజ్జెలు తన సొంతవి, అందుకని వెదురు కర్రకు కట్టుకుని ఉంచుకున్నాడు. అవి మోగుతూ వస్తుంటే టపా వస్తోందని ఊరికి ముందే తెలిసేదట. తాత కర్రను నా భుజాన పెట్టి ఇంటి ముందు మొరం బాట చూపించాడు. బాట తిన్నగా పోయి దూరంగా ఒక ఫర్లాంగు రాయి దగ్గర మలుపు తిరుగుతుంది.

“ఆ రాయి దాంక ఉరికి రా బిడ్డా. నేను సూడ. గజ్జెలు ఇంట.”

నిజంగానే అటు తిరిగి అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగస్తురాలిని, ఊరి జనం గోడల మీంచి చూస్తుండగా గజ్జెల కర్ర భుజాన వేసుకుని పరిగెత్తాను. సిగ్గుతో చచ్చిపోయాను. పోయి వచ్చేసరికి మోకాలు కొంచెం సలపడం మొదలుపెట్టింది. ఇక తీర్పే మిగిలింది. మానేయమంటే మానేస్తానని ఒట్టు పెట్టుకుని వచ్చాను గదా.

ఒక అడుగుకు గజ్జెలు గట్టిగా, ఒక అడుగుకు మెల్లగా మోగాయనీ, ఎడమ కాలిని దాచుకుంటున్నాననీ చెప్పాడు తాత. అది నాకు తెలిసిందే. తర్వాత లేచి బాట మీదికొచ్చి, దుమ్ములో నా అడుగులు ఎక్కడెక్కడ పడ్డాయో చూసుకుంటూ కొంతదూరం నడిచాడు. తిరిగి వచ్చి నా ముఖంలోకి చూశాడు.

“ఈ బాట మీద బండి లేదు, గొడ్డు లేదు, మనిషి లేడు. అంచుకు పోయి ముండ్ల పొంటి ఎందుకు ఉరుకుతున్నవ్ బిడ్డా?”

నేనూ చూశాను. నిజమే. నడిమిన బాట చదునుగా, ఖాళీగా పడి ఉంది. నా అడుగులు పోయేటప్పుడు ఎడమ అంచు వాలు మీద, వచ్చేటప్పుడు మళ్లీ నా ఎడమ అంచు వాలు మీద. ఒక్కటీ నడిమిన లేదు. మీ ఊళ్లో ఎలా పరిగెత్తుతావని అడిగితే మొత్తం చెప్పాను. చీకటితోనే గేటు తీసి, వీధివాళ్లెవరూ చూడకముందే మొదటి అడుగు నుంచీ వేగంగా పరిగెత్తి కాలనీ దాటేస్తాను. రోడ్డెక్కాక స్కూటర్లవాళ్ల మాటలు పడలేక తారు అంచుకు, మట్టిలోకి జారే చోటుకు నక్కి పోతాను, నక్కి వస్తాను. రెండేళ్లు. రోజూ ఎడమ కాలు పల్లంలో, కుడి కాలు మెరకలో. చెబుతుండగానే నాకే అర్థమైపోయింది. నేను పరిగెత్తలేదు, రెండేళ్లుగా తప్పుకుంటూ వచ్చాను.

తాత అరుగు మీద కూర్చున్నాడు. ఆయన చెప్పిన పద్ధతి పెద్దదేమీ కాదు. మొదటి అరమైలు టపా అయినా నడిచేదట, ఒళ్లు వెచ్చబడ్డాకే ఉరుకు. ప్రతి మైలు రాయి దగ్గర సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మారాలి, పోతూ ఒక కాలు వాలు మీద పడితే వస్తూ రెండో కాలు పడాలి. అడుగు చిన్నగా, గజ్జెలు రెండు కాళ్లకూ ఒక్క తీరుగా మోగేలా వేయాలి. మాట్లాడలేనంత ఆయాసం వస్తే నడకకు దిగాలి. నొప్పి పుట్టిన కాలికి పది రోజులు ఉరుకు బంద్, నడక మాత్రమే. ఇవన్నీ చెప్పి, అసలు మాట చివరికి చెప్పాడు.

“టపా ఎన్నడు అంచుకు పోలె. గజ్జెల సప్పుడు ఇంటె దొర బండి గూడ పక్కకు జరిగేది. నేనేమన్న దొరనా? ఊరవతల గుడిసె నాది. గాని సంచి భుజం మీదుంటె బాట నడుమ నాది.”

నా భుజాన ఏ సంచీ లేదుగా తాతా అన్నాను.

“సంచి లేకుంటేమాయె. నీ పానం మోస్కొని ఉరుకుతలేవా? ఫికర్ చెయ్యకు. నీ కాలు ఖరాబ్ కాలె.”

ఆ చివరి మాట వినగానే బాట మీదే కూర్చుండిపోయాను. నెలల తరబడి మోస్తున్న భయం ఒక్కసారి దిగిపోయింది. మార్తమ్మ వచ్చి ఏమైందోనని కంగారుపడి వీపు నిమిరింది. ఏమీ కాలేదని చెప్పాను, అదే నిజం. తర్వాత తాతతో పాటు ఆ రాయిదాకా నడిచాను. వచ్చేటప్పుడు, బంద్ రేపటి నుంచని ఆయనే అంటే, గజ్జెల కర్ర మళ్లీ భుజాన పెట్టుకుని ఆయన చెప్పినట్టే నడిమిన, చిన్న చిన్న అడుగులతో నెమ్మదిగా కొంతదూరం పరిగెత్తాను. మొదట్లో గజ్జెలు తడబడ్డాయి. ఇంటికి దగ్గరయ్యేసరికి ఒక్క తీరుగా మోగడం నాకే వినిపించింది. మోకాలు పలకలేదు. అరుగు మీద కూర్చుని నాలుగు జొన్నరొట్టెలు తిన్నాను. మార్తమ్మ వాటితో పాటు అల్లం, బెల్లం దంచిన ముద్ద పెట్టింది. అంత రుచిగా అంతకుముందు ఏమీ తిన్నట్టు గుర్తులేదు.

మధ్యాహ్నం బస్సు పట్టుకుని జహీరాబాద్, అక్కడి నుంచి నాలుగున్నరకు బీదర్ నుంచి వచ్చే బస్సెక్కి ఎనిమిదింటికి ఇల్లు చేరాను. పది రోజులు ఒట్టి నడక. పదకొండో రోజు తెల్లవారాక, పాలవాళ్లు తిరిగే వేళకు గేటు తీసి, వీధిలో అందరూ చూస్తుండగా అరమైలు నడిచాను. ఎదురింటి మామ్మ పేపరు దించి చూసింది. నమస్కారం పెట్టాను. తర్వాత వీధి నడిమికి వచ్చి పరుగు మొదలుపెట్టాను. ఎదురుగా పాలవాడు సైకిలు మీద వస్తున్నాడు. అలవాటు కొద్దీ నా కాలు ఎడమకు లాగింది. లాగనివ్వలేదు. అతనే హ్యాండిల్ తిప్పుకుని పక్కనుంచి పోయాడు, పోతూ ‘రామ్ రామ్ అమ్మా’ అన్నాడు. ఆ నెలాఖరుకు మళ్లీ అయిదు మైళ్లు పరిగెత్తాను. ఆ తర్వాత చాలా ఏళ్లు పరిగెత్తాను.

ఇప్పుడు ఆ దారిలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చింది, హైవే వెడల్పైంది, బస్సులకు కొదవ లేదు. చలికాలంలో వెళితే జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి దారుల మీద పరిగెత్తి చూడండి. మెత్తగా, కాళ్లకు హితవుగా ఉంటాయి. హైవే నడిమిన మాత్రం పరిగెత్తకండి, ఇప్పటి లారీలకు గజ్జెల చప్పుడు వినపడదు. వాహనాలు తిరిగే చోటైతే ఎదురొచ్చే బండ్లు కనబడే పక్కనే ఉండండి, కాని రోజూ ఆ వాలు మీదే కాకుండా వారంలో సగం రోజులైనా చదునైన మైదానం వెతుక్కోండి. ఒక్క సలహా మాత్రం మరవకండి. మోకాలు నొప్పితో డాక్టరు దగ్గరికి వెళితే మీరు రోడ్డుకు ఏ పక్కన పరిగెత్తుతారో, ఎందుకు ఆ పక్కనే పరిగెత్తుతారో కూడా చెప్పండి. నన్ను సామేలు తాత తప్ప ఎవరూ అడగలేదు, ఆయన అడిగేదాకా నాకూ తెలియలేదు.