పుస్తెలు తెంపే వేషం

నేను ఐదో తరగతితో చదువు మానేశాను. రాత వంకరగా ఉంటుంది, తప్పులూ ఉంటాయి. పత్రికలో అక్కలు దిద్దుకుని చదువుకోండి. మా మేనమామ పోయారని మద్రాసు నుంచి తంతి వచ్చింది. గుండెపోటట. మావాళ్లు వెళ్లేలోపే అక్కడే దహనం చేసేశారు.

ఆయన్ని మీరు చూసే ఉంటారు. పేరు తెలియదు, తెర మీద వేసేవారు కాదు. గళ్ల లుంగీ, మెడకు రుమాలు, బుగ్గ మీద అతికించిన పుట్టుమచ్చతో విలన్ వెనకాల నిలబడే రౌడీ ఆయనే. దారికాచి ఆడవాళ్ల మెడలో పుస్తెలు తెంపడం, హీరో చేతిలో చావడం ఆయన పని. బొబ్బిలిలో నాటకాలాడేటప్పుడు ధర్మరాజు వేషం కట్టేవారు. మద్రాసులో మొదట దొరికింది రౌడీ వేషం. అది జనానికి నచ్చింది. ఇక వేరే వేషానికి పిలవలేదు.

"కూతుర్ని కాపురానికి పంపే తండ్రి వేషం ఒక్కటి ఇమ్మన్నానే. నిన్ను సూస్తే పిల్ల పారిపోతాది అన్నారు" అని నవ్వేవారు. ఆయనకు పిల్లలు లేరు.

ఊరికొస్తే గడ్డం గీసేవాడు కూడా దగ్గరికి రావడానికి జంకేవాడు. "ఒరే, కత్తి నీ సేతిలో ఉన్నాది. బయపడాల్సింది నాను" అనేవారు. వీధిలో ఆయన కనపడగానే ఆడవాళ్ల చెయ్యి మెడలో పుస్తెల మీదకు పోయేది. అందుకని వాళ్లు ఎదురొస్తుంటే ఆయనే గోడ వైపు తిరిగి నిలబడేవారు.

నా పెళ్లిలో నన్ను గంపలో కూర్చోబెట్టి పీటల మీదకు మోసుకురావలసింది మేనమామ. నా చిన్నప్పటి నుంచీ ఆయన ఎదురుచూసింది ఆ ఒక్కదాని కోసమే. తీరా ముహూర్తానికి గరివిడి నుంచి వచ్చిన మా మామగారు అడ్డుపడ్డారు.

"సినిమాల్లో ఆడు ఎంతమంది పుస్తెలు తెంపాడో మా ఊరంతా సూసినాది. ఆడి సేతుల మీద పిల్లని తెస్తారేటి?"

మా మేనమామ లోపలికొచ్చి నా తల నిమిరి, "పోనీలే అమ్మీ, ఇంకెవరైనా మోస్తారు" అన్నారు.

నేను పెద్దవాళ్ల ముందు నోరు విప్పేదాన్ని కాను. ఆ రోజు మాత్రం తల వంచుకునే, "మావ మొయ్యకపోతే నాను గంపలో కూకోను" అన్నాను.

"ఒసే, ఇన్నాళ్లూ లేని నోరు ఇప్పుడే లేవాలేటే" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. పురోహితుడు తొందర పెట్టాడు. చివరకు మా మామగారు, "కానీండి, ముహూర్తం దాటిపోతన్నాది" అని ముఖం తిప్పుకున్నారు.

హీరోలు ఎత్తి ఎత్తి పడేసిన భుజాలు ఆయనవి. గంప ఎత్తగానే వణికాయి. "ఏటి తింతన్నావే గుంటా, ఇంత బరువున్నావు" అన్నారు. ఆ కళ్లలో నీళ్లు నేను ఒక్కదాన్నే చూశాను.

తర్వాత మేనమామ నన్ను చూడడానికి వచ్చినప్పుడల్లా మా మామగారు కండువా వేసుకుని పొలం వెళ్లిపోయేవారు. "మీ మావగారికి ఇంకా నా మీద కోపమేటే? ఒక్కసారి పలకరిస్తే సాలు" అని అడిగేవారు. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని.

మా మామగారి మాట రాయక తప్పలేదు. పేర్లు లేకుండా అచ్చు వేయండి. ఈ కాగితాలు మాత్రం పొయ్యిలో వేసెయ్యండి, ఆయన కంట పడకూడదు. ఆయన చెడ్డవారు కారు. ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తాను.

తంతి వచ్చిన వారానికి మా ఊరి డేరా హాలుకు మా మేనమామ వేషం వేసిన బొమ్మ వచ్చింది. ఎన్నడూ సినిమా మాట ఎత్తని మా మామగారు, "కోడల్ని తయారవమను" అని అత్తగారితో అన్నారు. మేము ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాం. సగం బొమ్మ కాకముందే హీరో కొట్టిన దెబ్బకు మా మేనమామ నేల మీద పడి చనిపోయారు. జనం ఎప్పటిలాగే ఈలలు వేశారు. అప్పుడు మగవాళ్లలోంచి మా మామగారు లేచి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"కూకో ముసిలోడా, బొమ్మ కనపడ్డం లేదు" అని వెనక నుంచి అరుస్తున్నారు.

ఆయన నీడ తెర మీద, పడి ఉన్న మా మేనమామ పక్కన పడింది. తెర మీద ఆ సీను మారేదాకా ఆయన కూర్చోలేదు.