ఎర్ర నత్త పేరు

మా షిమా రేవు పక్క ప్రయోగశాలలో కురమోచి మాస్టారు పొద్దున్నే కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, తొట్లలోని చిప్పలేని నత్తలను పేరుపేరునా పలకరిస్తారు. ముప్పై ఏళ్ళుగా వాటిని జాతులుగా విడదీయడమే ఆయన పని. కిందటేడు ఎర్రటిదొకటి దొరికితే కొత్త జాతి అని ప్రకటించి, సముద్రంలో మునిగి దాన్ని తెచ్చిన ఇసోయె ముసలమ్మ పేరే పెట్టారు. "ఎర్ర నాచు తింది గనక ఎర్రగా ఉంది మాస్టారూ, అంతే," అని ఆవిడ అప్పుడే అంది. ఆయన నవ్వేశారు. ఈ వసంతంలో తొట్టిలో పచ్చ నాచు వేస్తే, నెల తిరక్కుండానే అది మామూలు నత్తల్లా పచ్చబడింది. ఇక ఆ పేరు కొట్టేయాలి.

మునిగే ఆడవాళ్ళు చలి కాచుకునే గుడిసెకు వెళ్ళి, ఆ సంగతి చెప్పి, టోపీ తీసి క్షమించమన్నట్టు నడుం వంచారు.

"అయ్యో, నత్తకి నా పేరు పెట్టారని మనవరాలు బడంతా చెప్పుకుందే!" అని ఇసోయె పకపకా నవ్వి, కాల్చిన నత్తగుల్ల ఆయన చేతిలో పెట్టింది. "ఇదేంటి మాస్టారూ, మీరూ ఎర్రబడ్డారు! ఏం తిన్నారేంటి?"

వంచిన తల ఆయన ఎత్తలేదు.